కుక్క మెడకు పట్టీ, గోడ పగులుకు సున్నం: మా వాడ గోమార్ల డైరీ

మార్చి 2

కర్రి పోయి ఇవాళ్టికి నెల దాటింది. గొల్లవాడలో మూలమీది ఇంటి కుక్క అది. మంద వెంట పోతే రాత్రంతా కన్ను మూసేది కాదు. జనవరి చివర్లో తిండి మానేసింది. నాలుగో రోజు ముక్కులోంచి నెత్తురు కారడం మొదలైంది. నేను గోపాలమిత్రను. ఆవులు, బర్రెలు నా పని, కుక్కల సంగతి పెద్దగా తెలియదు. బండి మీద ముందు కూర్చోబెట్టుకుని మండలంలోని పశువుల దవాఖానకు తీసుకుపోయాను. డాక్టర్ సార్ పెదవి ఎత్తి చిగుళ్లు చూపించారు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. నెత్తురు పరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి. ఎర్లీకియా అనే సూక్ష్మజీవి పరీక్ష కిట్ మీద రెండో గీత కూడా వచ్చింది, అంటే జబ్బు ఉన్నట్టే. ఒంటికి పట్టుకుని నెత్తురు తాగే గోమారి కుడితే వచ్చే జ్వరం, టిక్ ఫీవర్ అంటారు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు కానీ చాలా ఆలస్యంగా తెచ్చాం. మూడో రోజు పొద్దున పోయింది.

పది రోజులు తిరక్కుండా ఆ ఇంటివాళ్లు కొత్త పిల్లను తెచ్చుకున్నారు. మందకు కుక్క లేకపోతే ఎలా? దాన్నీ కర్రిని కట్టిన మూలలోనే కట్టేశారు. నిన్న చూస్తే దాని చెవుల లోపల గోమార్లు గుత్తులుగా ఉన్నాయి. ఆ పిల్లను తెచ్చిన ఇంట్లో గోమార్లు లేవని నాకు తెలుసు, నేనే చూసి తెచ్చాను. అంటే అవి ఈ మూలలోనే, ఈ గోడలోనే కాచుకుని కూర్చున్నాయి.

దీనికి తోడు పోయిన వారం మా అన్న కూతురు చెవిపోటని రాత్రంతా ఏడ్చింది. పొద్దున దవాఖానలో చెవిలోంచి గోమారిని తీశారు. పిల్ల రోజంతా కుక్కలతోనే ఆడుతుంది. ఇంట్లో వాళ్లు వెంటనే అన్న మాట, "కుక్కలన్నిటినీ పట్టించి ఎక్కడైనా వదిలేయాలె." నాకు మనసు ఒప్పలేదు. డాక్టర్ సార్‌ను అడిగాను. వాడ మొత్తానికి ఒకేసారి మందు వేస్తే ఏమవుతుందో చూద్దామన్నారు. రాసి పెట్టుకో, లెక్క లేకుండా చేస్తే పని జరిగిందో లేదో తెలియదు అన్నారు. అందుకే ఈ డైరీ.

మార్చి 8

ఇవాళ లెక్క. వాడలో కుక్కలు 31 తేలాయి. మందల కుక్కలు 14, ఇంటి దగ్గరే ఉండేవి 11, ఎవరివీ కానివి 6. ఎవరివీ కానివి అన్నాను గానీ ఆ ఆరింటికీ ఎవరో ఒకరు గంజి పోస్తూనే ఉన్నారు. పట్టుకోవడానికి వాళ్లే సాయం వచ్చారు.

లెక్కించే పద్ధతి సార్ చెప్పినదే. రెండు చెవుల లోపల, మెడ చుట్టూ, ముందు కాళ్ల వేళ్ల సందులు. ఈ మూడు చోట్లే చూడాలి, ఒక్కో కుక్కకు రెండు నిమిషాలు, కంటికి కనిపించే పెద్ద గోమార్లను మాత్రమే లెక్కపెట్టాలి. అన్నిటికీ ఒకే కొలత ఉంటేనే తర్వాత పోల్చుకోవచ్చు. 31 కుక్కల మీద 418. పులి అనే కుక్క ఒక్కదాని మీదే 63. రెండు కుక్కల మీద ఒక్కటీ లేదు. ఆ రెండిటినీ రోజూ ఒక అవ్వ ఒళ్లో పడుకోబెట్టుకుని చేత్తో ఏరుతుంది. ఏరినవన్నీ గ్యాస్ నూనె పోసిన చిప్పలో వేస్తుంది. గోటితో నలిపితే ఆ నెత్తురు చేతి మీది చిన్న గాయాల్లోకి పోతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనకు తానే మానుకుంది. ఇంకా చాలామంది రాయి మీద పెట్టి చిదుముతారు. అది వద్దని ఇవాళ కనీసం పది మందికి చెప్పాను.

పులి చెవిలోంచి ఒకదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చూశాను. నెత్తురు తాగి ఉబ్బిన ఆడ గోమారి. బూడిద రంగు, నున్నగా, అచ్చం ఆముదం గింజ. ముందు వైపు చిన్న తల, ఎనిమిది కాళ్లు ఆ పొట్టను మోయలేక గాలిలో కొట్టుకుంటున్నాయి. మా వైపు ఆముదం చేలు ఎక్కువ కాబట్టి ఈ పోలిక చిన్నప్పటి నుంచి అందరం అంటాం. లాటిన్‌లో కూడా ఆముదానికి పెట్టిన పేరు రిసినస్, ఆ మాటకు అర్థం గోమారి అని సార్ చెప్పారు. ఎక్కడో దూరాన ఉన్నవాళ్లకు కూడా అదే పోలిక తట్టిందంటే నాకు భలే అనిపించింది.

ఎనిమిది కాళ్లు ఉన్నాయంటే అది నిజానికి పురుగు జాతి కాదు, సాలీడుకు చుట్టం. కానీ పురుగుల మందుల్లో చాలావాటికి లొంగుతుంది.

మార్చి 14

దీని బతుకు తెలిస్తే సగం పని తెలిసినట్టే, అందుకని రాసుకుంటున్నాను. కుక్కల మీద ఉండే ఈ గోధుమ రంగు గోమారి జీవితంలో మూడుసార్లు మాత్రమే నెత్తురు తాగుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్లు, ఆవగింజ కంటే చిన్నది. కుక్కను ఎక్కి తాగి దిగిపోతుంది. ఏదో పగులులో దాక్కుని పొర విడిచి ఎనిమిది కాళ్లతో మళ్లీ వస్తుంది. మళ్లీ తాగి దిగి, పెద్దదై మూడోసారి వస్తుంది. చివరికి ఆడది దిగిపోయి గోడ సందులో వేల గుడ్లు పెట్టి చస్తుంది. తాగే రోజులు తక్కువ, గోడలో గడిపే రోజులు ఎక్కువ. తిండి లేకుండా నెలల తరబడి ఉండగలదు. ఇంకొక సంగతి, ఇవి కిందికి కాదు, పైకి పాకుతాయి. దూలాల దగ్గర, తలుపు చట్రం పైన వెతకాలి. మనం ఎప్పుడూ నేల ఊడ్చి ఊరుకుంటాం.

కాబట్టి కుక్కను వాడలోంచి తీసేస్తే ఏమవుతుంది? గోడలోవి ఆకలితో కాచుకుంటాయి. కుక్క దొరక్కపోతే మనిషిని పట్టుకుంటాయి. లేదంటే కొత్త పిల్ల వచ్చేదాకా ఓపిక పడతాయి, కర్రి మూలలో జరిగింది అదే. అదే కుక్క ఒంటి మీద మందు ఉంటే? ఆకలైన ప్రతి గోమారీ తనంతట తానే వచ్చి ఆ మందు మీద ఎక్కుతుంది. కుక్కే వల అవుతుంది. తిరిగే వల. సార్ ఈ మాట చెప్పగానే నాకు పని మొత్తం ఒక్కసారిగా అర్థమైంది.

ఇది ఆయన సొంత ఊహ కాదు. ఫోన్‌లో చదివి వినిపించారు. ఇరాన్ వాయువ్య ప్రాంతంలో ఇసుక ఈగ అనే నెత్తురు తాగే చిన్న ఈగ కుట్టి, కాలా అజార్ అనే ప్రాణాంతక జ్వరం లాంటి జబ్బు పిల్లలకు వచ్చేది. అక్కడ ఆ పరాన్నజీవి కుక్కల్లో నిలవుంటుంది. 18 ఊళ్లు తీసుకుని తొమ్మిదింటిలో కుక్కలన్నిటికీ డెల్టామెత్రిన్ అనే పురుగుల మందు పట్టించిన మెడపట్టీలు కట్టారు. పట్టీలు కట్టిన ఊళ్లలో ఆ ఇన్ఫెక్షన్ కొత్తగా పట్టిన పిల్లలు 1.49 శాతం, కట్టని ఊళ్లలో 2.41 శాతం. 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పట్టీ కట్టింది కుక్కకు, కాపాడింది పిల్లలను. ఆ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

బ్రెజిల్‌లో అదే జబ్బుకు దశాబ్దాల పాటు ఇన్ఫెక్షన్ ఉన్న కుక్కలను చంపుతూ వచ్చారు. జబ్బు తగ్గలేదు. కుక్కను తీసుకుపోతే జనం కొత్త పిల్లను తెచ్చుకున్నారు, దానికీ అంటుకుంది. 2021 నుంచి అక్కడి ఆరోగ్య శాఖ జబ్బు ఎక్కువున్న పట్టణాల్లో 4 శాతం డెల్టామెత్రిన్ పట్టీలు కట్టించడం మొదలుపెట్టింది.

గోమార్ల విషయంలో మాకు దగ్గరి ఉదాహరణ అమెరికాలోని అరిజోనా. అక్కడి ఆదివాసుల ఊళ్లలో ఇదే గోధుమ రంగు గోమారి వల్ల రాకీ మౌంటెన్ మచ్చల జ్వరం వచ్చి మనుషులు చనిపోయారు. 2012లో వందల ఇళ్లలో కుక్కలన్నిటికీ పట్టీలు కట్టి, ఇంటి చుట్టూ నెలనెలా మందు కొట్టారు. తర్వాత చూస్తే ఆ ప్రాంతంలో గోమార్లు కనిపించిన కుక్కలు నూటికి ఒకటి. పని జరగని చోట నూటికి 64. ఈ రెండు అంకెలు గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకున్నాను.

మన బీహార్ కాలా అజార్ మాత్రం వేరు. అది మనిషి నుంచి మనిషికే పోతుంది, కుక్కకు పట్టీ కట్టి లాభం లేదు, ఇళ్లలో గోడలకే మందు కొట్టాలి. ఏ జబ్బుకు ఎవరి ఒంట్లో నిలవ అనేది తెలుసుకోకుండా పట్టీలు కొనడం దండగ.

మార్చి 21

డబ్బులు, మందులు. వాడలో చందా వేశాం. మందల వాళ్లు ఎక్కువ ఇచ్చారు. మిగతాది నేనూ మా దోస్తులూ కలిపాం.

మంద కుక్కలు 14కి డెల్టామెత్రిన్ పట్టీలు. అవి రోజంతా బయట ఉంటాయి, నెలనెలా పట్టుకుని స్ప్రే చేయడం కుదరదు. పట్టీ ఐదారు నెలలు పనిచేస్తుంది. మిగతా 17 కుక్కలకు ఫిప్రోనిల్ 0.25 శాతం స్ప్రే, నెలకొకసారి. కిలో బరువుకు కనీసం 3 మిల్లీలీటర్లు పడాలి. మా కుక్కలు సగటున 15 కిలోలు. అంటే ఒక్కోదానికి 45, పదిహేడింటికి 765. వెంట్రుకలు ఎక్కువున్న వాటికి ఇంకొంచెం పడుతుంది, గాలికి కొంత పోతుంది. పావు లీటరు సీసాలు నాలుగు తెచ్చాం. రెండు పిచికారీలు కొట్టి మందు వేశామనుకునే వాళ్లను చాలామందిని చూశాను. 15 కిలోల కుక్కకు ఆ 45 మిల్లీలీటర్లు పడేదాకా నొక్కుతూనే ఉండాలి. వేలు నొప్పి పుట్టకపోతే మందు చాలనట్టే.

ఇంటింటికీ పోయి ఒకటే అడిగాం, పిల్లి ఉందా? కుక్కలకు వాడే డెల్టామెత్రిన్ లాంటి పైరెథ్రాయిడ్ మందులు పిల్లి ఒంట్లో విరగవు, వణుకుతూ చచ్చిపోతుంది. రెండిళ్లలో పిల్లులు ఉన్నాయి, ఆ ఇళ్ల దగ్గర పట్టీ లేదు, ఎప్పుడైనా గోడలకు కొట్టాల్సి వచ్చినా ఆ మందు వద్దనుకున్నాం.

పట్టుకునే ఐదుగురం రేబిస్ ముందస్తు టీకాలు వేయించుకున్నాం. కుక్కలకు కూడా సార్ అదే రోజు రేబిస్ టీకా వేస్తామన్నారు. ఒకసారి చేతికి చిక్కిన కుక్కను ఒక్క పనికే వదిలేయడం ఎందుకు?

మార్చి 29

పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టాం. మందలు కదిలేలోపు పట్టీలు అయిపోవాలి. పట్టీ కట్టి రెండు వేళ్లు దూర్చి చూడాలి. రెండు వేళ్లు సులువుగా పోతే సరి, మూడో వేలు పోతే వదులు, కంప చెట్టుకు తగులుకుని ఊడిపోతుంది. మిగిలిన తోక కత్తిరించి కాగితంలో చుట్టి నేనే తెచ్చేసుకున్నాను, పిల్లల చేతుల్లో పడకుండా.

ఒక మంద పెద్దాయన పట్టీని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "ఏం బిడ్డా, గీ పట్టీ కడితే మందలకు తోడేలు వస్తే కుక్క మొరుగుతదా, మత్తుల ఉంటదా?" మత్తు మందు కాదు పెద్దయ్యా, తోలు మీద నూనెతో పాటు పాకుతుంది, గోమారికే విషం అని చెప్పాను. ఆయన తన కుక్కను ముందు తేలేదు. మూడు కుక్కలకు కట్టి అవి మామూలుగా తిరగడం చూశాకే తెచ్చాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

స్ప్రే పని పది గంటలకు. చేతులకు గ్లౌజులు, మూతికి గుడ్డ, గాలి మన వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడాలి. వెంట్రుకలను ఎదురు దువ్వుతూ కొట్టాలి, మందు తోలుదాకా పోవాలి. మొహానికి కొట్టకూడదు, గ్లౌజు మీద కొట్టుకుని చెవుల చుట్టూ, దవడ కింద రాయాలి. వేళ్ల సందుల్లో మర్చిపోకూడదు. ఇవాళ నేను రెండు కుక్కలకు వేళ్లు మర్చిపోయి మళ్లీ పట్టుకోవాల్సి వచ్చింది. ఆరేదాకా నాక్కోకుండా పొద్దుతిరుగుడు బస్తా మీద పడుకోబెట్టి ఒకరు కూర్చున్నారు. రెండు రోజులు స్నానం వద్దని చెప్పాం.

కుక్కలను కుంటలో కడగొద్దని మాత్రం గట్టిగా చెప్పాను, పట్టీ ఉన్నవాటిని అసలే వద్దు. డెల్టామెత్రిన్ చేపలకు చాలా చేటు. కుంటలో చేపపిల్లలు వదిలి రెండు నెలలే అయింది.

ఏప్రిల్ 1

స్ప్రే చేసిన 17 కుక్కల మీద 3 గోమార్లు. పట్టీ కట్టిన 14 మీద ఇంకా 38. పట్టీ మందు ఒళ్లంతా పాకడానికి వారం పడుతుందని సార్ ముందే చెప్పారు. అయినా టెన్షన్‌గానే ఉంది.

ఏప్రిల్ 8

పట్టీ కుక్కల మీద 8. ఊపిరి పీల్చుకున్నాను.

ఏప్రిల్ 18

మళ్లీ వచ్చాయి. మొత్తం 96. అన్ని కుక్కల మీదా కాదు, తొమ్మిది కుక్కల మీదే. ఆ తొమ్మిదీ మూడిళ్ల చుట్టూ పడుకునేవి. అందులో ఒకటి కర్రి ఉన్న ఇల్లు. చిన్న పిల్ల గోమార్లయితే లెక్కకు అందనన్ని, కుక్కపిల్ల పొట్ట మీద మిరియాల పొడి చల్లినట్టు ఉన్నాయి. మందు వేసి ఇరవై రోజులు. స్ప్రే బలం తగ్గుతున్న రోజుల్లోనే గోడల్లోని గుడ్లు ఎండకు పొదిగి బయటకు వచ్చాయి. వల ఉంది కానీ వచ్చే చేపలు వలకు మించి ఉన్నాయి.

రాత్రి తొమ్మిదింటికి టార్చి వేసుకుని కర్రి మూలకు పోయాను. రాళ్లు పేర్చి మట్టితో కట్టిన గోడ. నా భుజం ఎత్తు దగ్గర ఒక రాయి పక్కన మట్టి రాలి పగులు ఉంది. పుల్లతో మెల్లగా కదిపాను. లోపలి నుంచి ఒకటి, దాని వెనక రెండు, తర్వాత వరుసగా పైకి పాకుతూ వచ్చాయి. పుల్లను వెనక్కి లాగితే దాని చివర జిగురుగా, చిన్న చిన్న గోధుమ రంగు గుడ్ల ముద్ద. చేరెడంత పగులులో అంత ముద్ద. ఆ ఇంటావిడ నా పక్కనే నిలబడి చూసి, "నా బిడ్డ గీ గోడకే వీపు ఆనిచ్చి చదువుకుంటడు" అంది. ఇంకేమీ మాట్లాడలేదు.

ఏప్రిల్ 26

మూడు రోజులు గోడల పని. అరిజోనా వాళ్లు ఇంటి చుట్టూ నెలనెలా ఎందుకు కొట్టారో ఇప్పుడు తెలిసింది. చదివినప్పుడే చేయాల్సింది. మార్చిలోనే కుక్కతో పాటు గోడ కూడా మొదలుపెట్టి ఉంటే ఒక నెల మిగిలేది. ఎవరైనా ఇది చదివి తమ ఊళ్లో చేయాలనుకుంటే ఈ పొరపాటు చేయకండి.

ముందు మూడిళ్లు, తర్వాత దొడ్లు. గొర్రెలను, కోళ్లను బయటికి తోలి, నీళ్ల తొట్లు బోర్లించి, గోడలకు డెల్టామెత్రిన్ కొట్టాం. కింద నుంచి మొదలుపెట్టి దూలం దాకా. మొదట తడిస్తే గోమార్లు బయటికి పరుగెత్తుతాయి, అప్పుడు రెండోసారి కొట్టాలి. ఆరాక, మర్నాడు, పగుళ్లన్నిటినీ సున్నం కలిపిన మట్టితో పూడ్చాం. వాడలో తాపీ పని చేసే అన్నలు ఇద్దరు కూలి తీసుకోకుండా వచ్చారు. నులక మంచాల కీళ్లలో వేడి నీళ్లు పోశాం. కర్రి మూలను రాయి పైకి రాయి విప్పి మళ్లీ కట్టారు.

పాత రోజుల్లో గమాక్సిన్ అనే పురుగుల మందు పొడి చల్లేవాళ్లమని ముసలివాళ్లు గుర్తు చేసుకున్నారు. ఇంకా ఎక్కడైనా దొరుకుతుందా అని ఒకాయన అడిగాడు. 1997లోనే దాన్ని మన దేశంలో నిషేధించారు, నేలలో, పాలలో ఏళ్ల తరబడి మిగిలిపోయే విషం అని చెప్పాను.

అదే రోజు 17 కుక్కలకు రెండో స్ప్రే.

మే 6

రాయాలంటే చేతులు రావడం లేదు. అయినా రాయాలి, ఇది అన్నిటికంటే ముఖ్యం.

మధ్యాహ్నం పక్క వాడ నుంచి ఫోన్. మా పని చూసి ఒకతను తన కుక్కకు తనే మందు పెట్టాడు. పత్తి చేనుకు కొట్టగా మిగిలిన మందు, డబ్బా మీద పసుపు గుర్తు, బకెట్‌లో కలిపి స్నానం చేయించాడు. నేను పోయేసరికి కుక్క నోట్లోంచి తీగలుగా చొంగ కారుతోంది, కాళ్లు కొట్టుకుంటున్నాయి, కంటిపాప సూది మొనంత అయిపోయింది. ఆర్గానోఫాస్ఫేట్ మందు, నరాలను దెబ్బతీసే రకం. సార్‌కు ఫోన్ చేస్తూనే గ్లౌజులు వేసుకుని సబ్బు నీళ్లతో కడగడం మొదలుపెట్టాను. సార్ ఇరవై నిమిషాల్లో వచ్చి విరుగుడుగా అట్రోపిన్ ఇచ్చారు, గంటకు మళ్లీ ఇచ్చారు. రాత్రి పదింటికి నీళ్లు తాగింది. బతికింది.

అతను ఏడుస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు. కుక్క మీద ప్రేమతోనే చేశాడు, డబ్బులు లేక చేశాడు. అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. అన్నీ పురుగుల మందులే కదా అనుకోవడం మన దగ్గర అందరికీ ఉన్న అలవాటు. చేనుకు కొట్టేది చర్మం మీద పోసేది కాదు. పేరు ఒకటే అయినా చేను కోసం చేసిన దానిలో నూనెలు, ద్రావకాలు వేరే ఉంటాయి. నేను కూడా వాడలో చెప్పినంత పక్క వాడలో చెప్పలేదు. రేపటి నుంచి పట్టీలు, స్ప్రే మాత్రమే కాదు, ఈ సంగతి కూడా ఇంటింటికీ చెప్పాలి.

మే 10

పట్టీలు 14లో 5 లేవు. ఒకటి కంపకు తగులుకుని పోయింది. రెండు, కుక్కలు ఆడుకుంటూ ఒకదాని మెడది ఒకటి కొరికి తెంపాయి. సార్ వాటి కడుపులోకి ముక్కలు పోయాయేమోనని రెండు రోజులు చూడమన్నారు, ఏమీ కాలేదు. నాలుగోది ఖరీదైంది కదా అని ఇంటివాళ్లు విప్పి వచ్చే ఏడాదికి పెట్టెలో దాచారు. ఐదోది మేకపోతు మెడలో కనిపించింది. ఆ ఇంటావిడకు మేకపోతు అంటే ప్రాణం, దానికీ గోమార్లు ఉన్నాయి, తప్పేముంది అని అడిగింది. పట్టీ కుక్కకు మాత్రమే పరీక్షించి చేసినది అని నచ్చజెప్పి విప్పించాను. మేకపోతుకు వేరే మందు సార్‌తో రాయించాను.

బ్రెజిల్‌లో కూడా పట్టీలు ఊడిపోవడమే పెద్ద చిక్కు అయిందని సార్ అన్నారు. అందుకని ప్రతి శనివారం మెడలు చూసే పని బడి పిల్లలు ముగ్గురికి అప్పజెప్పాను. ముట్టుకోవద్దు, దూరం నుంచి చూసి పేరు పక్కన టిక్కు పెట్టాలి అంతే. చాలా శ్రద్ధగా చేస్తున్నారు.

మే 24

మూడో స్ప్రే. 31 కుక్కల మీద మొత్తం 14. కర్రి ఇంటి పిల్ల మీద సున్నా. ఇప్పుడు దానికి పేరు పెట్టారు, భీముడు.

జూన్ 20

వానలు పడ్డాయి. కృష్ణ అవతలికి పోయిన మంద ఒకటి నిన్న తిరిగొచ్చింది. వెంట నాలుగు కుక్కలు. ఆరు నెలలు ఊరూరా చేలలో మంద పెట్టుకుంటూ తిరిగాయి. నాలుగింటి మీద కలిపి 140. వాడ మొత్తం శుభ్రం చేసుకున్నాం, కానీ ఊరి పొలిమేర సంగతి ఆలోచించలేదు. అదృష్టం, వచ్చిన రాత్రే ఆ ఇంటివాళ్లే కబురు పెట్టారు. పొద్దున్నే ఊరి బయట చింతచెట్టు కింద నాలుగింటికీ స్ప్రే చేశాం. సార్‌ను అడిగే పట్టీకి బదులు స్ప్రే ఎంచుకున్నాం, వారం ఆగే టైం లేదు. రెండు రోజులు అక్కడే కట్టేసి, రాలినవి రాలాక వాడలోకి తెచ్చారు. చెట్టు చుట్టూ నేల మీద చచ్చిన గోమార్లు చూపించడానికి పిల్లలను తీసుకుపోయాను.

ఆశా అక్క కూడా వచ్చింది. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం భయం జనంలో బాగా ఉంది, ఈ పనితో అది ఆగుతుందా అని అడుగుతున్నారట. ఆగదు. దాన్ని మోసేది పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి పిల్ల, మంచాల్లో ఉండే నల్లి కాదు. కుక్కకు మందు వేసినంత మాత్రాన పొదలో నల్లి చావదు. ఇంటి చుట్టూ పిచ్చి మొక్కలు కొట్టేయాలి, జ్వరం వచ్చి ఒంటి మీద నల్లటి పొక్కు కనిపిస్తే వెంటనే దవాఖానకు పోవాలి. అక్క అదే మాట ఊరంతా చెప్తానంది.

ఇసుక ఈగ గురించీ అడిగారు. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో చండీపురా వైరస్ మెదడువాపుతో 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది చనిపోయారు. ఆ పేరు పెద్దవాళ్లకు ఇంకా గుర్తుంది. ఆ వైరస్‌ను మోసేది ఇసుక ఈగే. దానికి కుక్క పట్టీ మందు అని నేను చెప్పలేను, చెప్పకూడదు. కానీ అది పగలంతా దాక్కునేది ఇలాంటి గోడ పగుళ్లలోనే. మేం సున్నం మట్టితో పూడ్చినవి ఆ పగుళ్లే. ఇది విని ఇంకో నాలుగిళ్ల వాళ్లు తమ గోడలు కూడా పూడ్చుకుంటామని మట్టి తెచ్చుకున్నారు.

జూన్ 21

మిగతా 17కు నాలుగో స్ప్రే. తడి మీద కొట్టకూడదు కాబట్టి వాన తెరిపిచ్చేదాకా సాయంత్రం నాలుగు వరకు కాచుకున్నాం.

జూలై 19

కుక్కలు ఇప్పుడు 35. మొత్తం గోమార్లు 11. అందులో 7 ఒక్క కుక్క మీదే, అది పట్టీ పోగొట్టుకుని పది రోజులైందని పిల్లల లెక్కలోనే ఉంది, నేనే చూసుకోలేదు. ఇవాళే కొత్తది కట్టాను.

టిక్ ఫీవర్‌తో ఈ నాలుగు నెలల్లో ఒక కుక్క జబ్బుపడింది, మే మొదట్లో. రెండో రోజే తీసుకుపోయాం, 28 రోజుల డాక్సీసైక్లిన్ కోర్సు పూర్తి చేయించాం. ఇప్పుడు మంద వెంట పోతోంది. పిల్లల చెవుల్లో గోమారి అని దవాఖానకు ఎవరూ పోలేదు. నాలుగు నెలలకే ఏదో సాధించామని చెప్పడం తొందరే, వచ్చే ఎండాకాలం దాటాలి. ఒకే మందును ఏళ్ల తరబడి వాడితే లొంగని గోమార్లు పుడతాయి. పశువుల గోమార్లలో డెల్టామెత్రిన్‌కు లొంగనివి మన దేశంలో ఇప్పటికే చాలా చోట్ల కనిపించాయి. అందుకే వచ్చే ఏడాది పట్టీల్లో వేరే మందున్నవి వాడాలా అని సార్ ఆలోచిస్తున్నారు.

మార్చిలో కట్టిన పట్టీల గడువు సెప్టెంబరుతో అయిపోతుంది. పంటలు కోశాక మందలు మళ్లీ కృష్ణ వైపు కదులుతాయి. అవి కదిలేలోపు 18 పట్టీలు కావాలి. చందా పుస్తకం ఇవాళ మళ్లీ తెరిచాను. మొదటి పేరు ఆ మంద పెద్దాయనది, ఈసారి రెండు పట్టీలకు ఇచ్చాడు.